పూస పడితే వినబడినట్టే

అఆఇఈల కన్నా ముందు, వినికిడి మిషన్ అమర్చిన ఈ పిల్లలు నేర్చేవి ఆరు శబ్దాలు: ఆ, ఈ, ఊ, మ్, ష్, స్. పెదాలు చూసి పట్టేయకుండా థెరపిస్టు నోటికి అట్టముక్క అడ్డం పెట్టుకుంటుంది. వినబడితే బిడ్డ డబ్బాలో పూస వేయాలి. 'మ్' బొంగురు స్వరం, 'స్' కీచు స్వరం. మనం మాట్లాడే భాషంతా ఆ రెంటి మధ్యే. దేనికి పూస పడలేదో చూస్తే మిషన్ ఎక్కడ సరిచేయాలో ఆడియాలజిస్టుకు తెలుస్తుంది.

కాక్లియర్ ఇంప్లాంటు పెట్టించుకున్న పిల్లలకిచ్చే తర్ఫీదు ఇది. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో వినికిడి లోపాల కోసం నెలకొల్పిన అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. వికలాంగులకు పరికరాలిచ్చే ఆడిప్ పథకం కింద కేంద్ర ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే ఇంప్లాంట్లకు నోడల్ ఏజెన్సీ ఆ సంస్థే.

ఈ మిషన్ కథ 1957లో పారిస్‌లో మొదలైంది. జుర్నో, ఏరియెస్ అనే ఇద్దరు వైద్యులు ఒక బధిరుడి చెవి నరానికి కరెంటు తగిలిస్తే కీచురాళ్ల రొదలాంటిది వినిపించింది. మాట మాత్రం అర్థం కాలేదు. ఆస్ట్రేలియాలో చెవి వైద్యుడు గ్రేమ్ క్లార్క్‌కు చెవుడు ఇంటి బాధ. తండ్రికి మందుల షాపు. ఆయనకు వినబడక, వచ్చినవాళ్లు గుట్టు మందులు కూడా అందరికీ వినబడేలా అరిచి అడగాల్సి వచ్చేది. లోచెవిలోని కాక్లియా రెండున్నర చుట్ల నత్తగుల్ల. మొదట్లో కీచు స్వరాలు, లోపలికి పోయేకొద్దీ బొంగురు స్వరాలు. మరి నరాన్ని మీటే ఎలక్ట్రోడ్ల తీగ చుట్లు తిరిగి లోపలికి వెళ్లేదెలా? 1977లో సముద్రపు ఒడ్డున క్లార్క్ గవ్వలోకి గడ్డిపరక దూర్చి చూశారు. కొన మెత్తగా, మొదలు గట్టిగా ఉన్న పరక చుట్టుకుంటూ పోయింది! మరుసటి ఏడాది ఆగస్టు 1న మెల్‌బోర్న్‌లో, ప్రమాదంలో వినికిడి పోయిన రాడ్ సాండర్స్‌కు ఇంప్లాంటు ఆపరేషన్ జరిగింది.

చెవి వెనక మైకు, అయస్కాంతంతో తలకు అతుక్కునే కాయిల్, లోపల నరాన్ని నేరుగా మీటే ఎలక్ట్రోడ్లు. ఇంతే. కానీ అందులోంచి వచ్చేది మనకు తెలిసిన గొంతు కాదు. దాన్ని మాటగా మలుచుకోవాల్సింది మెదడే, ఆ పని పసితనంలోనే బాగా సాగుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ పథకం ఆపరేషన్‌తో పాటు మాటల శిక్షణకూ కలిపి రూ.6.5 లక్షల దాకా భరించింది. ఆ నిబంధన రాసినవాళ్లెవరో గాని అసలు కిటుకు పట్టుకున్నారు. టార్పెడోలు చేసే విశాఖ రక్షణ ప్రయోగశాల ఎన్‌ఎస్‌టీఎల్ కూడా, అబ్దుల్ కలాం ప్రోత్సాహంతో, చవకలో స్వదేశీ ఇంప్లాంటు చేయబూనింది. ఆస్పత్రుల్లో మాత్రం ఇంకా విదేశీ మిషన్లదే రాజ్యం.

కంటికి ఈ దారి అంతగా కలిసిరాలేదు. 60 ఎలక్ట్రోడ్ల కంటి ఇంప్లాంటు ఆర్గస్-2కు 2013లో అమెరికాలో అనుమతి దొరికింది; చూపించింది వెలుగు మచ్చలే, కొన్నేళ్లకే తయారీ ఆగింది. చెవి నరంలో పోగులు సుమారు ముప్పై వేలు, కంటి నరంలో పది లక్షలు. హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఎలక్ట్రోడ్లకు బదులు మూలకణాలను నమ్ముకుంది. రసాయనాలు పడి కార్నియా పోయినవారికి, మంచి కంటి అంచు నుంచి చిన్న తునక తీసి అతికించే తేలిక పద్ధతిని 2012లో ప్రకటించింది. రెటీనా జబ్బులకు అది పనికిరాదు.

మళ్లీ చెవి దగ్గరికొస్తే, పుట్టిన బిడ్డకు ఓఏఈ అనే వినికిడి పరీక్ష చేయించండి. నిద్రలోనే, నిమిషాల్లో, నొప్పి లేకుండా అయిపోతుంది. 'వాళ్ల నాన్నకూ మాటలు ఆలస్యంగానే వచ్చాయి' అని నానమ్మ అన్నా, మూడేళ్లు ఆగకండి.