అమ్మ నడుం నొప్పి, నాన్న బండి, ఒక వాషర్

సంక్రాంతి సెలవులకు ఇంటికెళ్లేసరికి అమ్మ నడుం పట్టుకుని కూర్చుంది. "బండెక్కితే చాలురా, ఎముకలన్నీ కదిలిపోతున్నాయి" అంది. నాన్నేమో "బండికేం, శుభ్రంగా ఉంది. రోడ్లే అట్లా తగలడ్డాయి" అని తేల్చేశాడు.

నేను వెళ్లి సీటు వెనక రెండు చేతులూ ఆనించి, గట్టిగా నొక్కి వదిలాను. షాకబ్జర్లు బాగుంటే బండి పైకి లేచి దాదాపు ఒక్క ఊపులోనే కుదురుకోవాలి. ఇది ఉయ్యాలలాగా మూడు నాలుగు సార్లు ఊగింది. వంగి చూస్తే ఎడమ షాకబ్జర్ రాడ్డు చుట్టూ నూనె జిడ్డు, దాని మీద దుమ్ము. తప్పంతా రోడ్డుది కాదని తెలిసిపోయింది.

గుంతలో పడ్డప్పుడు దెబ్బను తీసుకునేది స్ప్రింగు. కానీ స్ప్రింగు తీసుకున్నదాన్ని దాదాపు మొత్తం తిరిగిచ్చేస్తుంది. అలా ఇవ్వకుండా ఆపేది లోపలి గొట్టంలో ఉన్న నూనె. పిస్టన్ కదిలినప్పుడల్లా నూనె సన్నటి రంధ్రాల్లోంచి ఇరుక్కుంటూ పోవాలి. ఆ ఇరుకులో ఊపు కాస్తా వేడిగా మారిపోతుంది. వైబ్రేషన్స్ పరీక్షలో 'సీ' అని రాసి మనం మార్కులు కొట్టేసిన డ్యాంపింగ్ కోఎఫిషియంట్ ఇదే. సీలు పోయి నూనె కారిపోతే 'సీ' తగ్గిపోతుంది, ఇక మిగిలేది ఉయ్యాలే. నడుం నొప్పి ఒక్కటే కాదు, ఎగిరే టైరుకి రోడ్డు మీద పట్టు తగ్గుతుంది, బ్రేకు కూడా సరిగా పడదు.

మాది వెనక రెండు షాకబ్జర్లున్న పాత 100 సిసి బండి. ఇలాంటివైతే ఇంటి దగ్గర విప్పొచ్చు. మధ్యలో ఒక్కటే ఉండే మోనోషాక్ బండి జోలికి మాత్రం వెళ్లకండి. ఆ ఒక్కటీ తీస్తే వెనక భాగాన్ని మోసేదేమీ ఉండదు. సరైన స్టాండు లేకపోతే బండి మీద పడుతుంది.

ముందు రోజు రాత్రే నట్ల మీద తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఉంచాను. పక్కనే బ్రేక్ డ్రమ్ము, టైరు ఉంటాయి కాబట్టి వాటికి గుడ్డ అడ్డం పెట్టాలి. బ్రేకు లైనర్ మీద నూనె పడితే ఒకటి బాగుచేయబోయి ఇంకొకటి చెడగొట్టినట్టే.

పొద్దున్నే సైలెన్సర్ చల్లగా ఉన్నప్పుడు చదునైన నేల మీద డబుల్ స్టాండ్ వేశాను. సైడ్ స్టాండ్ మీద ఈ పని వద్దే వద్దు. గాల్లో ఉన్న వెనక చక్రం కింద సరిగ్గా తగిలేంత ఎత్తులో చెక్క ముక్కలు పెట్టాను. చక్రం ఎక్కడుందో అక్కడే ఉండాలి, అంతే.

ఇక అసలు సూత్రం: ఒక్కసారికి ఒక్కటే విప్పాలి. రెండోది స్వింగ్ ఆర్మ్‌ను పట్టుకుని ఉంటుంది కాబట్టి కొత్తది పెట్టేటప్పుడు రంధ్రాలు చక్కగా కలుస్తాయి. రెండూ ఒకేసారి తీస్తే చక్రం కిందికి జారి, దాన్ని ఎత్తి పట్టుకోవడానికి ఇంకో మనిషిని పిలవాలి.

పైన నట్టు, కింద బోల్టు. సైజు చూసి సరిపోయే రింగ్ స్పానర్ వాడండి. వదులు స్పానర్‌తో తిప్పితే నట్టు మూలలు అరిగిపోతాయి. కొన్ని బండ్లకు చీర గార్డో, వెనక పట్టుకునే రాడ్డో అడ్డమొస్తుంది. అది ముందు తీసేయాలి. విప్పే ప్రతి దశలో ఫోన్‌తో ఫొటో తీసి, వాషర్లను వచ్చిన వరసలోనే పేపరు మీద పెట్టాలి. షాకబ్జర్ కదలకపోతే మర మీద సుత్తితో కొట్టొద్దు. అటూ ఇటూ ఆడిస్తూ బయటికి లాగితే వచ్చేస్తుంది.

బయటికొచ్చిన షాకబ్జర్ స్ప్రింగును విప్పి చూద్దామని అందరికీ చెయ్యి దురద పెడుతుంది. వద్దు. అది నొక్కి బిగించిన స్ప్రింగు. ఉదాహరణకి మిల్లీమీటరుకి 20 న్యూటన్ల స్ప్రింగును 25 మిల్లీమీటర్లు నొక్కి ఉంచితే 500 న్యూటన్లు, అంటే యాభై కిలోల బరువుతో సమానం. అది మొహం మీదికి ఎగురుతుంది.

"ఒక్కటే కదా కారింది, ఒక్కటే కొను" అన్నాడు నాన్న. ఒకవైపు కొత్తది, ఒకవైపు చచ్చినది ఉంటే రెండు వైపులా ఊపు సమానంగా ఆగదు. అందుకే జత కొన్నాం. బిగించేటప్పుడు మర ముందు చేత్తో ఎక్కించి, తర్వాతే స్పానర్ పట్టాలి. కింద ఉండే అడ్జస్టర్ రెండు వైపులా ఒకే మెట్టు మీద ఉండాలి. ఎంత బిగించాలో సర్వీస్ మాన్యువల్‌లో న్యూటన్ మీటర్లలో ఉంటుంది. టార్క్ రెంచ్ లేకపోతే తెలిసిన మెకానిక్‌తో ఒకసారి చూపించుకోండి, నామోషీ ఏం లేదు.

అంతా అయ్యింది, సీటు నొక్కితే ఒక్క ఊపులో ఆగింది. గర్వంగా పేపరు మడవబోతే మడతలో ఒక వాషర్ దొరికింది.

"ఒక్కటే కదరా, ఏం కాదులే" అన్నాడు నాన్న, తాళం చేతిలో పట్టుకుని. మర్నాడు తెల్లవారుజామున అమ్మని ఎక్కించుకుని ఊరెళ్లాలి. ఫొటోలు తీసి చూస్తే అది కుడివైపు పైన, నట్టు వెనక ఉండాల్సిన పెద్ద వాషర్. రబ్బరు బుష్ అరిగినా షాకబ్జర్ కన్ను నట్టు మీదుగా బయటికి జారకుండా ఆపేది అదే. మళ్లీ విప్పాను. పది నిమిషాలు పట్టింది.

మర్నాడు సాయంత్రం తిరిగొచ్చాక అమ్మని అడిగాను, "నడుం ఎలా ఉందే?" అని. "రోడ్డు వేశారేమో రా, కుదుపులే లేవు" అంది.

నాన్న ఏం మాట్లాడకుండా బండి తుడుస్తున్నాడు.