ఎముకలో నాటే పన్ను



ఇంట్లో ఎవరికి పన్ను నొప్పి వచ్చినా మనం వూరుకోం. లవంగం పెడతాం, ఉప్పునీళ్ళు కాచి ఇస్తాం, తగ్గకపోతే డాక్టరు దగ్గరికి తరుముతాం. మన పన్ను దగ్గరికి వచ్చేసరికి మాత్రం రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అంటూ నెట్టుకొస్తాం. చివరికి పీకించుకుంటాం. నొప్పి పోతుంది. ఆ ఖాళీని మళ్ళీ నింపాలన్న ఆలోచనే రాదు. "లోపలి పన్నే కదా, ఎవరు చూడొచ్చారు?" అనుకుంటాం.

గుడుపల్లెలో మా చిన్నమ్మ సరిగ్గా ఇలాగే చేసింది. కింది దవడలో కుడివైపు పన్ను పీకించుకుని మూడేళ్ళు ఎడమవైపే నమిలింది. చెనక్కాయలు మానేసింది, చెరకు మానేసింది. "సంకటిముద్ద ఎటూ మింగేదే గదా, దానికి పన్నెందుకు?" అని నవ్వేసేది. పనంతా మీద పడిన ఎడమవైపు పళ్ళు కూడా సలపడం మొదలుపెట్టాక గాని ఇల్లు కదల్లేదు. ఆమెకు తోడు వెళ్ళింది నేను. నేను డాక్టర్ని కాను. ఎనిమిది నెలలకు పైగా ఆమె వెంట తిరిగి, అడిగిందే మళ్ళీ అడిగి తెలుసుకున్న సంగతులు మీతో ముచ్చటిస్తాను.

పోయిన పన్ను స్థానంలో మరొకటి పెట్టుకోవడానికి మూడు దారులున్నాయి. మొదటిది మన పెద్దలకు తెలిసినదే, తీసి పెట్టుకునే కట్టుడు పళ్ళు. ఖర్చు తక్కువ, కాని నమిలేటప్పుడు కదులుతూ వుంటాయి. రెండోది బ్రిడ్జి. ఖాళీకి అటూ ఇటూ వున్న పళ్ళను అరగదీసి, మూడింటికీ కలిపి తొడుగు వేస్తారు. గట్టిగానే వుంటుంది. అయితే ఒక్క పన్ను కోసం బాగున్న రెండు పళ్ళను అరగదీయాలి. మూడోది ఇంప్లాంటు. పన్ను వేరు వుండే చోట, దవడ ఎముకలో చిన్న మరమేకు బిగించి, దాని మీద పన్ను నిలబెట్టడం. ఆ మేకు సుమారు నాలుగు మిల్లీమీటర్ల లావు, పది మిల్లీమీటర్ల పొడుగు వుంటుంది. మనిషిని బట్టి కొంచెం అటూ ఇటూ.

మేకు అనగానే చిన్నమ్మ గుండె గుభేలుమంది. "ఎముకలో ఇనుము దిగ్గొడితే చీము పట్టదా పాపా?" అంది. మంచి ప్రశ్నే. ఇది ఇనుము కాదు, టైటానియం అనే లోహం. మన శ్రీకాకుళం, విశాఖ తీరాల్లో కనిపించే నల్ల ఇసుకలో దీని ఖనిజం వుంటుంది. 1952లో స్వీడన్ దేశంలో బ్రోనెమార్క్ అనే పరిశోధకుడు ఎముకలో రక్తం ఎలా ప్రవహిస్తుందో చూడడానికి కుందేలు కాలి ఎముకలో టైటానియంతో చేసిన చిన్న పరికరం అమర్చాడు. పని పూర్తయ్యాక తీద్దామంటే అది రాలేదు. ఎముక పెరిగి దానికి అతుక్కుపోయింది. ఆయన చూడాలనుకున్నది ఒకటి, దొరికింది మరొకటి. 1965లో మొదటిసారిగా ఒక మనిషి దవడలో ఇలాంటి మేకులు నాటాడు. ఆ రోగి 2006లో చనిపోయేదాకా, నలభై ఏళ్ళకు పైగా, వాటితోనే తిన్నాడు.

మా గుడుపల్లె మండలం బంగారం తవ్విన నేల. బిసానత్తం, చిగరగుంట గనుల పేర్లు ఆ వైపు వాళ్ళందరికీ తెలుసు. భారత్ గోల్డ్ మైన్స్ వాళ్ళ పని 2001లో ఆగిపోయింది. బంగారు తొడుగు పన్ను పెట్టుకుని నవ్వే పెద్దవాళ్ళను మా చిన్నప్పుడు చూశాం. అందుకే చిన్నమ్మ బంగారంతో చేస్తే ఇంకా మంచిది కాదా అని కూడా అడిగింది. బంగారం పన్ను మీద తొడుగుగా బాగానే వుంటుంది. ఎముకతో కలిసిపోయే గుణం మాత్రం దానికి లేదు. ఆ గుణం టైటానియానికి వుంది.

కాబట్టి ఇందులో డాక్టరు చేసే పని సగమే. మిగతా సగం చేసేది మన ఎముక. అది మెల్లగా పెరిగి మేకును పట్టుకోవాలి. తొందరపెడితే వినదు. ఇది తెలియకనే మేము మొదట పొరబడ్డాం. మేము వెళ్ళిన ఒకచోట "ఇవాళ మేకు, ఇవాళే పన్ను" అన్నారు. షుగరు వుందా అని అడగలేదు, ఎముక ఎంత వుందో చూడలేదు, డబ్బు మాత్రం ముందే కట్టమన్నారు. ఒక్క రోజులో పన్ను పెట్టడం అబద్ధమేమీ కాదు. ఎముక గట్టిగా వుండి, మేకు బాగా బిగిసినప్పుడు కొందరికి తాత్కాలికంగా అలా పెడతారు. కాని పరీక్ష చేయకుండానే ఆ మాట అన్నారంటే లేచి వచ్చేయండి. మేము వచ్చేశాం. చిన్నమ్మ మాత్రం దారి పొడుగునా, రైలు ఛార్జీ దండగైందని గొణుగుతూనే వుంది.

రెండోచోట డాక్టరమ్మ ముందుగా దవడ మొత్తం కనిపించే ఎక్స్‌రే తీయించింది. తర్వాత ఎముక లావూ లోతూ చూపించే స్కాను కూడా కావాలంది. కింది దవడ లోపల పెదవికీ గడ్డానికీ స్పర్శ ఇచ్చే నరం పోతుంది, దానికి మేకు తగలకూడదు. పైదవడలో అయితే దవడపళ్ళ పైన గాలి గది వుంటుంది, అందులోకి పోకూడదు. అందుకే ఆ స్కాను. ఇంకో సంగతి కూడా ఆమే చెప్పింది. పన్ను పీకించాక అక్కడి ఎముక వూరికే వుండదట, కరిగిపోతుందట. మొదటి ఏడాదిలోనే దాని వెడల్పు సగం దాకా తగ్గిపోవచ్చు. మరీ తగ్గితే ముందు ఎముక పొడి వేసి పెంచాలి, దానికి వేరే ఖర్చు, ఇంకొన్ని నెలలు. మూడేళ్ళు ఆలస్యం చేసినా చిన్నమ్మ ఎముక ఎలాగో సరిపోయింది. అందరికీ అంత అదృష్టం వుండదు. పన్ను పీకించుకునే రోజునే, తర్వాత ఏం చేద్దామని అడిగి పెట్టుకోవడం మేలు.

ఎముక సరిపోయింది గాని షుగరు అడ్డం వచ్చింది. మూడు నెలల సగటు చెప్పే రక్తపరీక్ష చేయించి, "ఇది అదుపులోకి వచ్చాక రండి" అని పంపేసింది డాక్టరమ్మ. షుగరు వున్నవాళ్ళకు ఇంప్లాంటు పనికిరాదని కాదు. అదుపులో లేకపోతే పుండు మానదు, ఎముక పట్టుకోదు. అలాగే వక్కాకులో పొగాకు వేసుకునేవాళ్ళు నాటించుకునే ముందూ తర్వాతా మానేయాలి. బీడీ, సిగరెట్టు తాగేవాళ్ళకు ఇంప్లాంటు వూడిపోయే ప్రమాదం సుమారు రెండింతలు. వక్క ఎక్కువ నమిలి నోరు సరిగా తెరుచుకోని వాళ్ళకైతే పరికరమే లోపలికి పోదు. ఎముకలు గుల్లబారకుండా వారానికో మాత్ర వేసుకునే పెద్దవాళ్ళు, రక్తం పలచబడే మందు వాడేవాళ్ళు ఆ మాటను తప్పకుండా చెప్పాలి. మాత్రల చీటీ సంచిలో వేసుకుని వెళ్ళండి. మీ అంతట మీరు ఏ మాత్రా ఆపవద్దు. గర్భిణులు కాన్పు అయ్యేదాకా ఆగవచ్చు. ఎదిగే ఆడపిల్లలకు దవడ పెరుగుదల ఆగాకే, సుమారు పద్ధెనిమిదేళ్ళు నిండాకే, నాటడం మంచిది. పెద్ద వయసు అడ్డం కాదు. "ఈ వయసులో నాకెందుకు?" అనే మాటకు వైద్యపరంగా అర్థం లేదు.

మూడు నెలలు చిన్నమ్మ బుద్ధిగా పథ్యం చేసింది. నాటే రోజున మత్తుసూది పన్ను దగ్గర మాత్రమే ఇస్తారు, మెలకువగానే వుంటాం. నొప్పి తెలియదు, అదుముతున్నట్టూ అదురుతున్నట్టూ తెలుస్తుంది. ఎముకకు రంధ్రం చేసేటప్పుడు చల్లటి నీళ్ళు చిమ్ముతూనే వుంటారు. 47 డిగ్రీల వేడి ఒక్క నిమిషం తగిలినా ఎముక దెబ్బతింటుందట. నోరు తెరిచి వుంచడం తప్ప మనకు వేరే శ్రమ లేదు. ఒక్క మేకైతే గంటలోపే అయిపోతుంది. చిగురు మూసి కుట్లు వేస్తారు, వారం పదిరోజులకు విప్పుతారు. "పన్ను పీకినప్పుడే దీనికంటే నొప్పి" అంది చిన్నమ్మ లేచి కూర్చుని.

ఆ రోజంతా గట్టిగా పుక్కిలించకూడదు, ఉమ్మకూడదు. గుడ్డలో ఐసుగడ్డ చుట్టి చెంప మీద ఆనిస్తూ తీస్తూ వుండాలి. రాగిజావ చల్లారాక తాగవచ్చు, మజ్జిగన్నం తినవచ్చు. మర్నాటి నుంచి గోరువెచ్చని ఉప్పునీళ్ళు మెల్లగా పుక్కిట పట్టాలి. వాపు రెండో రోజు, మూడో రోజు ఎక్కువగా వుండి తర్వాత తగ్గుముఖం పడుతుంది. అలా కాకుండా మూడో రోజు తర్వాత పెరుగుతూ పోయినా, జ్వరం వచ్చినా, గుడ్డ అదిమి పట్టినా అరగంటకు నెత్తురు ఆగకపోయినా, మత్తు దిగిపోవలసిన వేళ దాటాక కూడా పెదవి మొద్దుబారే వున్నా వెంటనే వెళ్ళాలి. వాళ్ళ ఫోను నెంబరు ముందే రాయించుకోండి.

ఇక ఎదురుచూపు. కింది దవడలో సుమారు మూడు నెలలు, పైదవడలో నాలుగు నుంచి ఆరు నెలలు. పైకి ఏమీ కనిపించదు, నొప్పి వుండదు. "డబ్బులిచ్చి చిల్లు పొడిపించుకుని వచ్చింది" అని ఇరుగుపొరుగు ఆడవాళ్ళు ఎగతాళి చేసేది ఈ రోజుల్లోనే. నెలరోజులకే అంతా మానిపోయిందని ఆవైపు చెనక్కాయలు నమలకండి. లోపల ఎముక ఇంకా లేతగా వుంటుంది, మేకు కదిలితే ఇక అతుక్కోదు. ఆ గడువు అయ్యాక చిగురు కొద్దిగా తెరిచి, మేకు మీద చిన్న కాడ బిగించి, అచ్చు తీసుకుని, ఒకటి రెండు వారాల్లో పన్ను అమరుస్తారు.

ఖర్చు మాట దాచడమెందుకు? ఒక్క పన్నుకు పాతిక వేల నుంచి యాభై వేల దాకా అడుగుతున్నారు, పెద్ద వూళ్ళలో ఇంకా ఎక్కువ. అది విని చిన్నమ్మ, "ఆ దుడ్డు పెడితే పెయ్యదూడ వస్తుంది" అంది. నిజమే, కుప్పం వైపు పాడి మీద బతికే ఇంట్లో అది చిన్న మాట కాదు. కాబట్టి చెప్పిన ధరలో మేకు ఒక్కటేనా, పైపన్ను, స్కాను, ఎముక పొడి కూడా కలిసి వున్నాయా అని అడిగి కాగితం మీద రాయించుకోండి. మేకు పట్టకపోతే మళ్ళీ ఎవరి ఖర్చుతో నాటుతారో కూడా అడగండి. కడపలోనూ బెంగళూరులోనూ ప్రభుత్వ దంత వైద్య కళాశాలలు వున్నాయి, అక్కడా ఒకసారి విచారించండి. అంత డబ్బు పెట్టలేమనుకుంటే కట్టుడు పన్నో బ్రిడ్జో పెట్టించుకోండి. అందులో నామోషీ ఏమీ లేదు. ఖాళీగా వదిలేస్తే మాత్రం పక్క పళ్ళు ఆ సందులోకి ఒరుగుతాయి, పైపన్ను కిందికి దిగుతుంది.

నూటికి తొంభై పైగా ఇంప్లాంట్లు పదేళ్ళయినా నిలుస్తున్నాయని డాక్టర్లు చెబుతారు. అది పుచ్చదు కూడా. పుచ్చదు గదా అని తోమడం మానేస్తే చిగురు చెడుతుంది, తర్వాత ఎముక కరుగుతుంది, మేకు వదులవుతుంది. నొప్పి తెలియకుండానే ఇదంతా జరుగుతుంది. కాబట్టి రెండు పూటలా మెత్తటి బ్రష్షుతో చిగురు అంచు దాకా తోముకోవాలి, పళ్ళ సందుల్లో సన్నటి బ్రష్షు ఆడించాలి, ఆర్నెల్లకోసారి చూపించుకోవాలి. ఇటుకపొడి, బొగ్గుపొడి వద్దు. ఇంకో తేడా కూడా వుంది. మన సొంత పన్ను చుట్టూ మెత్తటి పొర వుంటుంది. దానివల్లే అన్నంలో ఇసుకరేణువు తగిలినా తెలుస్తుంది. ఇంప్లాంటుకు ఆ పొర లేదు. ఎంత గట్టిగా కొరుకుతున్నామో అంత త్వరగా తెలియదు. అందుకని ఆ పంటితో వక్క కొరకడం, సోడా మూతలు తీయడం లాంటివి పెట్టుకోవద్దు.

చివరగా ఒక చిన్న పని. మేకు పెట్టె మీద కంపెనీ పేరు, కొలత, నెంబరు వున్న చీటీ వుంటుంది. అది అడిగి తీసుకోండి. పదేళ్ళ తర్వాత పైపన్ను వదులైనా, మరో వూళ్ళో మరో డాక్టరు చూడాల్సి వచ్చినా, ఏ కంపెనీ మరో తెలియకపోతే దానికి తగిన పరికరం వెతకడం కష్టం. మా చిన్నమ్మ ఆ చీటీని పొలం పాసుపుస్తకంలో పెట్టి, ట్రంకుపెట్టె అడుగున దాచింది.