చూచిపోవువారి సంత

లండను నగరమున 1955లో మొదలై, అరువది యేండ్లకు పైగా జనవరి చలిలో జనమును రప్పించుకొనిన పడవల ప్రదర్శన 2018లో కడసారి జరిగి, మరుసటి యేడు జరుపజాలమని నిర్వాహకులు ప్రకటించుటతో ముగిసిపోయినదన్న వార్త, మానేరు కట్ట మీద సాయంకాలపు గాలికి కూర్చున్న కరీంనగరవాసిని కలవరపెట్టదగినది కాదు. మనకు పడవ యన్నది ధర్మపురి రేవునను, ప్రాణహిత వచ్చి గోదావరిలో కలియు కాళేశ్వరమునను ఆవలి యొడ్డు చేరవలసినవాని అక్కర. ఆ అక్కరను సయితము వంతెనలు చాలవరకు తీర్చివేసినవి. టిక్కెట్టు కొని లోనికేగి, తన యింట నిలుపుటకు చోటైన లేని పడవను చుట్టి చుట్టి చూచి, మెరుగు దీరిన అంచును అరచేత నిమిరి, ధర యడిగి, నిట్టూర్చి, పిల్లలకేదో కొనిపెట్టి యిల్లు చేరుట యనెడి వినోదము మనకు పరాయిది. అయినను ఆ నిట్టూర్పు మాత్రము మనకు చిరపరిచితమే. హైదరాబాదు నుమాయిషులో గాని, శిల్పారామమున గాని, మన కరీంనగరపు వెండి తీగపనివాని బల్ల ముందు ఒక గడియసేపు నిలిచినచో అది చెవినబడును.

పడవల వారి కథలో మనకు పనికివచ్చు ఘట్టమొకటి కలదు. 1990లో అమెరికా ప్రభుత్వము విలాసవస్తువులపై పన్ను వేయబూని, లక్ష డాలర్లకు మించిన పడవ వెలలో ఆ మించిన భాగముపై నూటికి పది వంతున సుంకము విధించినది. దేశమున మాంద్యము కూడ అప్పుడే తోడైనది. ధనికుడు ఆ యేడు పడవ కొనుట మానుకొని సుఖముగనే యుండెను. పస్తుండవలసి వచ్చినది పడవ కట్టు పనివాడు. 1993లో ఆ పన్నును రద్దుపరచిరి గాని, నడుమ చెదరిపోయిన పనివారందరు తిరిగి తమ కార్ఖానాలకు చేరిరని చెప్పజాలము. లేకున్నను గడచిపోవు వస్తువును కొనువానికి కష్టకాలము ఒక వాయిదా మాత్రమే. చేయువానికి అది పొయ్యి మీది కుండ.

కరీంనగరపు తీగపని యెట్టిదో ఎరుగనివారు మన జిల్లాలలోనే పెక్కుమంది యున్నారు గనుక కొంచెము నిదానించి చెప్పవలెను. ఈ పని మొదట ఎల్గందుల కోట నీడన పెరిగి, పిమ్మట పట్టణము చేరినది. మూసలో కరగించిన వెండిని కడ్డీగా పోసి, సాగగొట్టి, కమ్మచ్చనెడి ఉక్కు పలకలో వరుసగా సన్నబడుచుపోవు కన్నముల గుండ ఒకదాని వెంట నొకటిగా గుంజుచు, తలవెండ్రుకను తలపించునంతటి తీగను తీయుదురు. అట్టి పోగులు రెంటిని పేని, కాచి, నలిపి చదును చేయగా, పేనిన మెలికలు అంచున చిరుపండ్లవలె నిలిచి, తీగకు దీపపు వెలుగున మినుకుమను గుణమబ్బును. కొంత మందమైన తీగతో నెమలికో, ఏనుగుకో, తాంబూలపు పెట్టెకో చట్టము కట్టి, ఆ చట్టపు ఖాళీలలో ఈ సన్నతీగను చుట్టలుగ, ఆకులుగ, లతలుగ పట్టకారుతో నిముడ్చుదురు. తరువాత వెలిగారముతో కలిపిన టంకపు పొడిని చల్లి, ఊదుగొట్టముతో మంటను వంచి, ప్రతి చుట్టయు తన పొరుగు చుట్టను తాకిన చోటనెల్ల అతుకుపడునట్లు కాతురు. మంట ఒక రెప్పపాటు ఎక్కువైనచో దినముల పని ముద్దగ కరగిపోవును. చిట్టచివర కుంకుడు నురుగుతో తోమి తీసిన వస్తువును వెలుతురుకెత్తి చూడుడు: అందు వెండికన్న ఖాళీయే హెచ్చు. ఆ ఖాళీని అమ్ముటయే ఈ కళ యొక్క మర్మము. ఈనాడు దానికి వచ్చిపడిన చిక్కు కూడ అదియే.

నిజాము రాజ్యమున ఈ ఖాళీకి వెల గట్టగల ఇండ్లు ఉండెను. అత్తరుదాను, పాన్‌దాను, పన్నీటిబుడ్డి లేనిదే అతిథిమర్యాద లేదనుకొను దివానుఖానాలవి. 1949లో జాగీర్లు రద్దయినవి. కౌలుదారునకును, కూలివానికిని అది విముక్తి, ఎవ్వడును కన్నీరు కార్చవలసిన పనిలేదు. కాని జాగీరుదారుని తాంబూలపు పళ్లెము చేసి బ్రదుకు అవుసలి ఆ యుదయమున ఎవరి గడపకు పోవలెనన్న ప్రశ్నను ఆ శాసనము తాకలేదు. ఆ ప్రశ్నకు కాలము చెప్పిన సమాధానము ప్రదర్శన.

నుమాయిషు పుట్టుక కూడ విలక్షణమైనదే. ఉస్మానియా పట్టభద్రుల సంఘము వారు రాజ్యపు ఆర్థికస్థితిని సర్వే చేయింపదలచి, అందుకు ధనము సమకూర్చుకొనుటకై 1938లో పబ్లిక్ గార్డెన్సునందు నూరు అంగళ్ల పాటి ప్రదర్శనను పెట్టిరి. 1946లో అది నాంపల్లి దరి నేటి మైదానమునకు మారినది. 1947, 1948 సంవత్సరముల కల్లోలమున నిలిచిపోయి, మరల లేచినది. మహమ్మారి వేళ 2021లో అసలే జరుగలేదు; 2022లో జనవరి ఒకటవ తేదీన తెరచి, వెంటనే మూసి, ఫిబ్రవరి 25న తిరిగి తెరచిరి. ఆ మూసిన దినములలో మూటలు విప్పవలెనో కట్టవలెనో తెలియని దుకాణదారుల అవస్థను వేరుగ వర్ణింప నక్కరలేదు. అయినను నుమాయిషు నశించునని భయపడువారలలో నేను లేను. దానిని పోషించునది ప్రవేశపు టిక్కెట్టును, పెద్ద రంగులరాట్నమును, మిరపకాయ బజ్జీయును. లండనులో పడవల ప్రదర్శనయే పోయినది. మన ప్రదర్శనశాలలు క్రిక్కిరిసి యుండగనే, అందలి కళాకారుడు ఉత్తచేతులతో రాత్రి బస్సెక్కుట సంభవము. సందడి బాగుగ నున్నదన్న లెక్కతో పని బాగుగ నున్నదని వ్రాసికొనువారు ఈ భేదమును గమనింపరు.

పనివానిని దళారి పట్టునుండి విడిపించి, కొనువానికి ముఖాముఖి నిలుపుట ప్రదర్శనల ఆశయము. ఆ విడుదల కొంతవరకు నిజమే. కాని దళారి చెడ్డవాడైనను సరుకు తీసికొనిపోయెడివాడు, చూడవచ్చినవాడు చూచిపోవును. చోటు బాడుగ, బస, ప్రయాణము, ఇంటి పట్టున ఆగిపోయిన పని, ఇవన్నియు ముందుగనే పెట్టుబడి. ఆ పెట్టుబడికి ప్రతిఫలముగ బల్ల ముందు నడచు సంభాషణ ఇట్లుండును:

“గింత చిన్న నెమలికి గన్ని పైసలా అన్నా? తూకమేస్తె గంత వెండి ఉంటదా?”

“వెండి తక్కువనే ఉంటది చెల్లె, పనే ఎక్కువ. తీగ గుంజెటందుకే ఒక దినం పోతది.”

“మంచిగనే ఉంది గని... మల్ల వస్తం.”

‘మల్ల వస్తం’ అన్న రెండు మాటల అర్థమును ప్రదర్శనలు తిరిగిన ప్రతి పనివాడును ఎరుగును. అందు మర్యాద యున్నది, మరలి వచ్చుట లేదు. ఆమెను తప్పుపట్టను, బడి ఫీజును, బియ్యపు ధరను మనసులో కూడికొనుచు నడచు ఇల్లాలు వెండి నెమలి యొద్ద ఆగుటయే ఆ పనికి జరిగిన సత్కారము.

ఇక అసలు విపరీతమునకు వత్తును. పడవ కొనువారు కరవైనప్పుడు పడవకు వాడు కొయ్య ధర ఆకాశమునంటదు. వెండి సంగతి అట్లు కాదు. కాలము నమ్మదగనిదైనప్పుడు జనుడు కాగితమును విడిచి లోహమును కౌగిలించును. 2023 తొలినాళ్లలో కిలోకు డెబ్బది వేల రూపాయల దరిదాపున నున్న వెండి, 2025 డిసెంబరునాటికి రెండు లక్షలు దాటినది. సౌరఫలకములు మొదలైన పరిశ్రమలు వెండిని మ్రింగుచుండుట ఇందొక హేతువు, భయము మరియొకటి. అందుచేత కొనుగోలుదారుని జేబు ముడుచుకొను వేళకే పనివాని ముడిసరుకు ఉబ్బిపోవును. వెండి అంగడి కళకళలాడుచుండగా వెండిపని వెలవెలబోవుట మొదట విన్నవారికి పొసగని మాటగ తోచును గాని, ఆ రెండును ఒకే భయమునకు పుట్టిన కవలలు. కిలో కడ్డీ కొనువాడు దాచుకొనుటకు కొనుచున్నాడు. అతనికి లతలును ఆకులును అక్కరలేదు సరికదా, నష్టము. ఏలయన తీగపనిలో అతుకు అతుకునకు టంకము చేరియుండును. తిరిగి అమ్మబోయిన నాడు ఆ మేరకు తరుగు తీసి, మజూరిని సున్న చేసి, త్రాసు మాత్రమే మాటలాడును.

న్యాయముగ జూచినచో లోహము ప్రియమైన కాలమునకు తగిన కళ ఇదియే కావలెను. దళసరి వెండి గిన్నెకు పట్టు లోహముతో తీగపనివాడు పళ్లెరమంత వెన్నెలను పరచగలడు. చిటికెడు వెండిని చేరెడు చేసి చూపుటయే గదా అతని విద్య! కాని మనము వస్తువును కంటితో మెచ్చి తూకముతో కొను జాతి వారము. నేనును అందులోని వాడనే. పెండ్లికి వెండి కొనబోయి, నగిషీని కాక గ్రాములను అడిగి వచ్చితిని.

సర్కారు చేయూత లేదనుట పాపము. 2007లో ఈ తీగపనికి భౌగోళిక గుర్తింపు లభించినది. 2017 నవంబరులో హైదరాబాదున జరిగిన పారిశ్రామికవేత్తల అంతర్జాతీయ సదస్సుకు అమెరికా అధ్యక్షుని కుమార్తె వచ్చినప్పుడు కరీంనగరపు తీగతో అల్లిన చార్మినారును కానుకగ నిచ్చిరి. 2023లో ఢిల్లీ జీ-20 సమావేశపు అతిథుల రొమ్ములపై నిలిచిన అశోకచక్రపు బిళ్లలును ఈ చేతులు చేసినవే. పనివారి వీధి ఆ వార్తలను పటము కట్టి గోడకు తగిలించుకొన్నది. అది సముచితమైన గర్వమే. కాని కొంచెము ఆలోచించినచో, ఇది పాత జాగీరుదారు క్రొత్త దుస్తులు ధరించి గడపకు వచ్చుటయే. పెద్ద ఆర్డరు వచ్చిన మాసమున వీధి యంత కమ్మచ్చుల గరగర; అది తీరిన మరునాడు మరల నుమాయిషు బల్ల. ఏడాది పొడవున సామాన్యుడు కొనదగిన చిన్న వస్తువులు, బొత్తాములును కుంకుమభరిణెలును, ఎన్ని అమ్ముడుపోవుననుటయే ఈ పనికి నాడి. సమ్మానపు చిత్రపటములు కావు.

నిర్మల్ పట్టణపు వారి చిక్కు వేరు. 1955లో సహకార సంఘముగ నేర్పడిన బొమ్మల పనివారికి పొనికి కొయ్యయే ప్రాణము. తేలికయైన ఆ కొయ్యను చెక్కి, అతుకులకు చింతగింజల జిగురును రంపపుపొట్టును మెత్తి, రంగులు పూసి, సీతాఫలమును నిజమైన సీతాఫలమనుకొని చేయిసాచునట్లు చేయుదురు. ధర వెండితో పోల్చదగినది కాదు గనుక కష్టకాలమున సయితము బొమ్మను కొనువారు కొందరుందురు. అడవిలో పొనికి చెట్టు అరుదగుటయే అచట అసలు కరవు. ఉషేగాం పల్లెలో మైనపు నమూనాపై మట్టి మెత్తి ఇత్తడి పోయు ఓజలకు 2018లో డోక్రా పేరిట భౌగోళిక గుర్తింపు వచ్చినది. ఆ గూడెము నుండి నగరపు ప్రదర్శనకు పోవు దూరమే వారి ధరలో సగము.

ఈ ప్రదర్శనలన్నిటిని తలపోయునప్పుడు నా మనసు కేస్లాపూరు నాగోబా జాతరకు చేరును. పుష్య అమావాస్య దగ్గర పడగనే గోండులలోని మెస్రం వంశీయులు కాలినడకన బయలుదేరి, జన్నారం దరి హస్తినమడుగున గోదావరి జలమును ముంచి తెచ్చి, ఇంద్రవెల్లి సమీపమున మర్రిచెట్ల క్రింద విడిసి, నాగదేవుడైన నాగోబాను అభిషేకింతురు. క్రొత్తగా కాపురమునకు వచ్చిన కోడండ్రు ‘భేటింగు’ నాడు దేవుని ముందు నిలిచిన పిదపనే వంశమున చేరినట్లు. ఆ పూజకు వలయు కుండలను సిరికొండలో ఒకే కుమ్మరి వంశము వారు తరతరాలుగ చేయుచున్నారు. ఆ కుమ్మరికి బల్ల బాడుగ లేదు, ధర విని నిట్టూర్చువారు లేరు. కుండ లేనిదే పూజ లేదు. జాతర చుట్టు వెలసిన గాజుల దుకాణములకును, గిన్నెల అంగళ్లకును మాత్రము ఆదిలాబాదు పత్తి ధరతో ముడియున్నది: యార్డులో క్వింటాలు ధర పడిపోయిన యేడు గాజుల దుకాణమువాని ముఖమే చెప్పును. కాని ఎడ్లబండ్లు రాక మానవు. 2022లో నెలకొల్పిన క్రొత్త రాతి గుడిని సయితము ఆ వంశీయులు తమ చందాలతోనే కట్టుకొన్నారు. వారిలో అధికులు భాగ్యవంతులు కారు. పంట నమ్మి డబ్బు చూచువారు.

తీగ నెమలికి అట్టి దేవుడు దొరకలేదు. ఫిబ్రవరి నడుమ నుమాయిషు దీపములారి, పనివాడు మిగిలిన వస్తువులను పాత వార్తాపత్రికలలో చుట్టి, పెట్టెలో సర్ది, కరీంనగరపు బస్సెక్కును. 2023లో నూరు గ్రాముల వెండిని ఏడు వేలకు కొని ఒక నెమలిని చేసి, మజూరితో కలిపి పదివేల ఐదువందలని చీటి యంటించినాడనుకొందము. మూడు ప్రదర్శనలు తిరిగియు అమ్ముడుపోక ఇంటికి వచ్చిన ఆ నెమలిలోని లోహమే ఈనాడు, తరుగు పోను, చీటిలోని ధరను చాల మించిపోయినది. అమ్ముడుపోని పడవ రేవున చివికిపోవును. అమ్ముడుపోని నెమలి కట్కా నొక్కగనే వెలుగు చిన్న త్రాసు ప్రక్కన, కుంపటికి జానెడు దూరమున, పత్రికకాగితము సగము విప్పి యుండగా, పింఛము విప్పుకొని నిలుచుండును. పనివాడు మూసను ఒకమారు చేతిలోనికి తీసికొని, మరల క్రిందబెట్టి, ముందు భోజనము చేసి వత్తునని లేచును.