క్యాన్సర్ రోగి బాధలు - వైద్యునికి తోడుగా కంప్యూటర్

కీమోథెరపీ పొందే రోగి ఆసుపత్రిలో గడిపేది చాలా సందర్భాలలో కొన్ని గంటలు మాత్రమే. తరువాతి రెండు మూడు వారాలు ఇంటివద్దనే. వాంతులు, విరేచనాలు, నోటిపూత, జ్వరం బాధించేదీ అప్పుడే. తిరిగి వైద్యుని ఎదుట కూర్చునేనాటికి రోగి సగం బాధను మరచిపోతాడు. మిగిలిన సగాన్ని 'పరవాలేదండీ' అనే ఒక్క మాటతో దాటవేస్తాడు. పెద్ద డాక్టరుగారి సమయం వృథా చేయరాదన్న మొహమాటం కొంత, చెబితే చికిత్స ఆపివేస్తారేమోనన్న భయం కొంత. కోలారు, బళ్ళారి ప్రాంతాల నుండి బెంగళూరు వెళ్లివచ్చే రోగులకు దూరభారం దీనికి అదనం.

ఈ లోటును పూడ్చడానికి రూపొందినదే వైద్య నిర్ణయ సహాయక వ్యవస్థ. పేరు ఘనమైనదే కాని పని తేలికగానే అర్థమవుతుంది. రోగి తన బాధ తీవ్రతను అంకెలలో తెలుపుతాడు. నిపుణులు ముందుగా ఏర్పరచిన నియమాలతో కంప్యూటర్ దానిని సరిపోల్చి, ప్రమాదం తోస్తే నర్సును హెచ్చరిస్తుంది. మందు నిర్ణయించేది మాత్రం వైద్యుడే.

జ్వరాన్నే తీసుకుందాం. ఆరోగ్యవంతునికి 101 డిగ్రీల జ్వరం వస్తే మాత్ర వేసుకుని తెల్లవారేదాకా ఆగవచ్చు. కీమోథెరపీ వలన న్యూట్రోఫిల్ కణాలు 500 కంటే తగ్గిన రోగికి అదే జ్వరం ప్రాణాంతకం కాగలదు. అట్టివారికి ఆసుపత్రి చేరిన గంటలోగా యాంటీబయాటిక్ అందించాలని వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఈ తేడా ఇంట్లోవారికి తెలియకపోవచ్చు. ఇటువంటి నియమం పొందుపరచిన వ్యవస్థ అర్ధరాత్రి అయినా దానిని విస్మరించదు.

న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ ఆసుపత్రిలో డాక్టర్ ఈథన్ బాష్ బృందం 766 మంది రోగులపై దీనిని పరీక్షించింది. నొప్పి, ఆయాసం, నీరసం, తిమ్మిర్లు వంటి 12 లక్షణాలకు రోగులు 0 నుండి 4 వరకు అంకెలు వేశారు. అంకె రెండు మెట్లు పెరిగినా, 3కు చేరినా నర్సుకు ఈ-మెయిల్ వెళ్లేది. 2016లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, ఏడాదిలో అత్యవసర విభాగానికి వెళ్లినవారు సాధారణ పద్ధతిలో 41 శాతం కాగా ఈ పద్ధతిలో 34 శాతమే. 2017లో వెలువడిన లెక్కలలో మధ్యస్థ జీవితకాలం 26 నెలల నుండి 31.2 నెలలకు పెరిగినట్లు తేలింది. అంతకుముందు కంప్యూటర్ అలవాటు లేనివారే దీనివలన ఎక్కువ మేలు పొందడం విశేషం. పల్లెవాసులకు ఇవన్నీ ఎందుకని పెదవి విరిచేవారు ఈ సంగతి గమనించాలి.

అయితే జీవితకాలం విషయంలో తొందరపాటు తగదు. అమెరికాలోనే 52 చికిత్సాకేంద్రాలలో 1,191 మందితో జరిపిన తరువాతి పరిశీలనలో లక్షణాలు అదుపులోకి వచ్చాయి, దైనందిన జీవనం మెరుగుపడింది. ఆయుర్దాయంలో మాత్రం చెప్పుకోదగిన తేడా కనబడలేదని 2025లో వెల్లడైంది. ఈ పరిశీలనలో ఇంటర్నెట్ వద్దనుకున్నవారు ఫోనులో వినిపించే ప్రశ్నలకే జవాబులివ్వగలిగారు.

అసలు చిక్కు యంత్రంలో లేదు. హెచ్చరిక అందుకుని తిరిగి ఫోను చేసే నర్సు లేకపోతే ఎంత గొప్ప వ్యవస్థా నిష్ఫలమే. ప్రతి చిన్న మార్పుకూ హెచ్చరికలు పంపితే నర్సులు వాటిని చూడటమే మానుకుంటారు. మరొకటి భాష. అరికాళ్ల మంట, తిమ్మిరి, మొద్దుబారడం వేర్వేరు అనుభవాలు. ఇంట తెలుగు మాట్లాడే వృద్ధురాలిని కన్నడంలోనో ఆంగ్లంలోనో ప్రశ్నిస్తే ఆమె వేసే అంకెకు విలువేముంటుంది?

ఇటువంటి ఏర్పాటు లేనిచోట ఒక నోటుపుస్తకం, ఒక థర్మామీటరు కొంత పని చేయగలవు. జ్వరం, వాంతులు, విరేచనాల సంఖ్య, నొప్పికి సున్నా నుండి పది వరకు అంకె ప్రతిదినం రాసుకుని వైద్యునికి చూపవచ్చు. రాత్రివేళ జ్వరం వస్తే ఏ నంబరుకు ఫోను చేయాలో మొదటి కీమోథెరపీ నాడే అడిగి, పుస్తకం మొదటి పుటలో రాయించుకోవాలి.