హుక్కు తగిలించని రెండు నిమిషాలు

"రెండు నిమిషాల పనే కదన్నా, హుక్కెందుకు?"

దుబాయి సైట్లలో మనవాళ్ల నోట ఈ మాట వినని రోజుండదు. నిరుడు మా క్యాంపులో ఉండే జగిత్యాల వైపు తమ్ముడొకడు ఇదే మాట అని స్కాఫోల్డింగ్ మీద ఒక వరస నుంచి పక్క వరసకు దాటిండు. ఒంటి మీద బెల్టు ఉంది. హుక్కు మాత్రం నడుము దగ్గరే వేలాడుతోంది. బూటుకు అంటిన తడి సిమెంటుకు కాలు జారింది. నాలుగు మీటర్ల కింద పడ్డాడు. ప్రాణం దక్కింది గాని వెన్నుపూస దెబ్బతింది. ఇప్పుడు ఊళ్లో కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. ఏజెంటుకు కట్టడానికి తెచ్చిన అప్పు ఇంకా తీరలేదు.

తప్పు అతనొక్కడిదేనా? ముందురోజు రాత్రి దాకా ఓవర్‌టైమ్. నిద్ర నాలుగు గంటలు. పొద్దుటి నుంచి ఫోర్‌మన్ "యల్లా, యల్లా" అని తరుముడు. అలసిన మనిషి దగ్గరి దారే చూసుకుంటాడు. ఆ తొందరకు కంపెనీ జవాబు చెప్పాల్సిందే. కాని హుక్కు ఉన్నది మన చేతిలో. పడేది మన ఒళ్లు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. యూఏఈ చట్టం ప్రకారం పనిలో దెబ్బ తగిలితే వైద్యం ఖర్చు యజమానిదే. చికిత్స జరిగినన్నాళ్లు, గరిష్ఠంగా 6 నెలల వరకు పూర్తి జీతం, ఆ తర్వాత మరో 6 నెలలు సగం జీతం ఇవ్వాలి. చనిపోతే కుటుంబానికి 24 నెలల బేసిక్ జీతం ఇవ్వాలి. అది 18 వేల దిర్హాములకు తగ్గకూడదు, 2 లక్షలకు మించదు. అయితే సైట్లో అందరికీ కనబడేలా పెట్టిన భద్రతా సూచనలను కార్మికుడు కావాలనే ఉల్లంఘించాడని రుజువైతే పరిహారం దక్కదు. మత్తులో ఉండి దెబ్బ తగిలించుకున్నా అంతే. అంటే హుక్కు తగిలించకపోతే పోయేది నడుమొక్కటే కాదు, ఇంటికి రావాల్సిన డబ్బు కూడా.

రోజూ చూసే తప్పులు

ఎత్తులో: బెల్టు కట్టుకోవడం సగం పనే. హుక్కును గట్టి ఆధారానికి, వీలైనంత వరకు తల కన్నా పైన తగిలించాలి. ఆరడుగుల తాడును కాళ్ల దగ్గర తగిలిస్తే, అది బిగిసేలోపు పదడుగులకు పైగానే పడతాం. కింద అంత ఖాళీ లేకపోతే బెల్టు ఉన్నా నేల తగులుతుంది. ఒకచోటి నుంచి మరోచోటికి దాటేటప్పుడు రెండు హుక్కుల తాడు వాడండి. ఒకటి తగిలించాకే రెండోది తీయాలి. ఎర్ర ట్యాగ్ ఉన్న స్కాఫోల్డింగ్ ఎక్కొద్దు.

గుంతలో: ఒక ఘనమీటరు మట్టి దాదాపు టన్నున్నర బరువు ఉంటుంది. అది మీద పడితే నడుము దాకా పూడుకున్న మనిషి కూడా సొంతంగా బయటికి రాలేడు. పక్కలకు దన్ను కట్టని లోతు గుంతలోకి "పైపు చూసొస్తా" అని దిగొద్దు.

క్రేను దగ్గర: లోడు కదులుతుంటే దాని కింద నడవొద్దు.

ఎండలో: జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు ఎండలో పని యూఏఈలో నిషేధం. తొందరగా రూముకు పోవచ్చని ఆ టైములో పని చేయొద్దు. ఎండదెబ్బకు కళ్లు తిరిగితే ఎత్తు మీద ఉన్నవాడి గతేమిటో చెప్పాలా?

"చేయను" అనొచ్చా?

అనొచ్చు. ప్రాణానికి ముప్పున్న సంగతి యజమానికి తెలిసీ సరిచేయకపోతే, నోటీసు ఇవ్వకుండానే, హక్కులు పోగొట్టుకోకుండా ఉద్యోగం మానుకునే వీలు చట్టంలోనే ఉంది. కాని "తెలుసు" అని మనం చూపించాలి. కాబట్టి నోటితో చెప్పి ఊరుకోవద్దు. ఫోటో తీసి ఫోర్‌మన్‌కు, సేఫ్టీ ఆఫీసరుకు వాట్సాప్‌లో పంపండి. ఆ మెసేజ్ చెరపొద్దు.

ప్రమాదం జరిగితే ముందు 998కి ఫోన్ చేసి అంబులెన్స్ పిలవండి. దెబ్బ తిన్నవాణ్ని కంగారుగా ఎత్తి కార్లో పడేయొద్దు, వెన్నెముక ఇంకా దెబ్బతినొచ్చు. "రూములో జారిపడ్డాడని చెప్పు" అని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. ఆ ఒక్క అబద్ధంతో పరిహారం చేజారుతుంది. ఆస్పత్రి రిపోర్టు, పోలీసు రిపోర్టు కాపీలు దగ్గర పెట్టుకోండి. సలహా కావాలంటే దుబాయిలోని ప్రవాసీ భారతీయ సహాయ కేంద్రానికి 800 46342కు ఫోన్ చేయవచ్చు.

ఈసీఆర్ పాస్‌పోర్టుతో వచ్చినవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంటుంది. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా వికలాంగులైనా 10 లక్షల రూపాయలు వస్తాయి. పాలసీ కాగితం ఫోటో ఈ రాత్రే ఇంటికి పంపండి. గడువు ఎప్పటి దాకా ఉందో చూసుకోండి.

రేపు పొద్దున సైట్లో పక్కవాడు హుక్కు లేకుండా కనబడితే సేఫ్టీ ఆఫీసరు వచ్చేదాకా ఆగొద్దు. "తమ్మీ, హుక్కు" అని ఒక్క మాట అనండి. ఆ రోజు మా తమ్ముడికి ఆ మాట అనాల్సింది పక్కనే ఉన్న నేను. అనలేదు.