స్త్రీల పందెమునకు గిరి యెచట?

క్రీడలలో స్త్రీలకు వేరుగా పోటీలు నడుపుటకు బలమైన కారణము కలదు. 100 మీటర్ల పరుగులో పురుషుల ప్రపంచ రికార్డు 9.58 సెకండ్లు, స్త్రీలది 10.49 సెకండ్లు. యౌవనారంభమున టెస్టోస్టిరాన్ అను హార్మోను పురుషదేహమునకు చేకూర్చు కండబలము ఈ వ్యత్యాసమునకు ముఖ్యహేతువు. కనుక స్త్రీల పందెమునకు గిరి గీయక తప్పదు. ఆ గిరి యెచట గీయవలెనన్నదే అరువది యేండ్లుగా తెగని తగవు.

తొలుత కంటిచూపే ప్రమాణమయ్యెను. 1966 లో ఐరోపా పోటీలయందు క్రీడాకారిణులు వైద్యుల యెదుట వివస్త్రలై నిలువవలసి వచ్చెను. 1968 మెక్సికో ఒలింపిక్సునాటికి క్రోమోసోముల పరీక్ష వచ్చెను. స్త్రీలకు సాధారణముగా రెండు ఎక్స్ క్రోమోసోములు, పురుషులకు ఒక ఎక్స్, ఒక వై ఉండును. కాని ప్రకృతి యీ సూత్రమునకు సర్వదా కట్టుబడదు. స్పెయిన్ దేశపు హర్డిల్స్ క్రీడాకారిణి మరియా హోసే మార్టినెజ్ పాటిన్యోకు వై క్రోమోసోము కలదని 1985 లో తేలెను. ఆమె పుట్టుక మొదలు స్త్రీగానే పెరిగినది. ఆమె దేహము టెస్టోస్టిరానుకు స్పందింపదు. అయినను ఆమె రికార్డులు కొట్టివేయబడినవి. పోరాడి 1988 లో అర్హతను మరల పొందినది.

2011 లో రక్తములోని టెస్టోస్టిరాన్ పరిమాణము కొలతబద్ద యయ్యెను. ఆ నియమము వలన ఒడిశాకు చెంది, హైదరాబాదులో శిక్షణ పొందిన ద్యుతీ చంద్ 2014 లో పోటీలకు దూరమైనది. ఆమె అప్పీలుపై క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానము, తగిన ఆధారములు లేవని 2015 లో నియమమును నిలిపివేసెను. ఆమె 2018 ఆసియా క్రీడలలో రెండు రజత పతకములు గెలిచెను. పుట్టుకతో పురుషులుగా నమోదై, తమను స్త్రీలుగా నెరుగువారిలో పురుష యౌవనదశను దాటినవారిని ప్రపంచ అథ్లెటిక్స్ సంస్థ 2023 లో స్త్రీల పోటీలనుండి మినహాయించెను. 2025 సెప్టెంబరు 1 నుండి అదే సంస్థ ఎస్.ఆర్.వై. అను జన్యువు పరీక్షను ప్రవేశపెట్టెను. టెస్టోస్టిరానుకు దేహము బొత్తిగా స్పందింపనివారికి మినహాయింపు నొసగెను. నాడు పాటిన్యో చెప్పుకొన్న మాటకే యిది అంగీకారము.

ఈ వాదములో మూడు విషయములు కలగాపులగమగుచున్నవని మేము తలంతుము. దేహలక్షణము ఒకటి. తన్ను తాను స్త్రీగా నెరుగు అంతరంగభావము వేరొకటి. ఒక పందెమున పాల్గొను అర్హత మూడవది. దేహబలము ఫలితమును నిర్ణయించు చోట దేహమును లెక్కింపవలదనుట ఇతర క్రీడాకారిణులకు న్యాయము కాదు. అట్లే, పందెమునకై గీసిన గిరిని బ్రతుకంతటికి వర్తింపజేయుటయు న్యాయము కాదు. పరీక్షాఫలితము ఎవరు ఏ వరుసలో పరుగెత్తవలెనో చెప్పగలదు. ఇంటను, వీధిని, బడిలోను ఆమె యెవరో చెప్పజాలదు. ఆ ఫలితమును బజారున పెట్టకుండుట నియమకర్తల తొలి ధర్మము. పరుగు పది సెకండ్లలో ముగియును. అపవాదు మాత్రము అంత శీఘ్రముగా ముగియదు.