బ్లాకులు సరిగ్గానే పెట్టినా ఎర్ర అక్షరాలు వస్తున్నాయా? వైర్లు పీకొద్దు

మట్టి తేమను చూసి డ్రిప్ మోటారును ఆన్, ఆఫ్ చేసే ఆర్డుయినో పెట్టెను పోయిన వీడియోలో చూశారు కదా. అది చూసి మన అవుకు చుట్టుపక్కల కొందరు సొంతంగా మొదలుపెట్టారు. చానా సంతోషం. కానీ ఎక్కువ మంది ఒకే చోట ఆగిపోతున్నారు. ఎంబ్లాక్‌లో బ్లాకులు తగిలించి అప్‌లోడ్ నొక్కగానే ఎర్ర అక్షరాలు వస్తాయి. ఇక సెన్సార్ పోయిందనో, బోర్డు కాలిందనో కొత్తది తెప్పిస్తారు. అది వచ్చేలోపు మిరప మడి ఎండుతుంటుంది. కొత్తది పెట్టినా అదే ఎర్రర్!

ఎందుకంటే అప్‌లోడ్ బటన్ ఒకటే గానీ దాని వెనక పనులు రెండు. మొదటిది కంపైల్. మీరు పేర్చిన బ్లాకులను సాఫ్ట్‌వేర్ సీ ప్లస్ ప్లస్ కోడ్‌గా రాసి, దాన్ని చిప్‌కు అర్థమయ్యే భాషలోకి మారుస్తుంది. ఇదంతా కంప్యూటర్ లోపలి పని. మీ సెన్సార్ చేలో ఉందా, ఇంట్లో ఉందా అన్నది దానికి అక్కర్లేదు. రెండోది, అలా తయారైన కోడ్‌ను కేబుల్ ద్వారా బోర్డులోకి ఎక్కించడం. కాబట్టి ఏ పని దగ్గర ఆగిందో ముందు తేల్చుకోండి.

ఎర్ర అక్షరాల్లో 'నాట్ ఇన్ సింక్' అనో, పోర్టు దొరకలేదనో ఉంటే కంపైల్ అయిపోయినట్టే. తప్పు కేబుల్ వైపు ఉంది. ఫోన్ ఛార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే కేబుళ్లు కొన్ని ఉంటాయి, వాటిలో డేటా పోదు. తక్కువ ధర బోర్డులకు సీహెచ్340 డ్రైవర్ కావాలి. నానో బోర్డుకు ఊనో అని ఎంచుకున్నా ఇదే గోల.

అవేవీ కాకపోతే కంపైల్ తప్పు. ఇక్కడ అందరూ చివరి లైన్ చదువుతారు. 'ఎగ్జిట్ స్టేటస్ 1' అని ఉంటుంది. దాని అర్థం పని కాలేదని, అంతే. అసలు సంగతి పైన, 'ఎర్రర్' అనే మాట మొదటిసారి వచ్చిన లైన్‌లో ఉంటుంది. కింద ఇరవై ఎర్రర్లు ఉన్నా భయపడొద్దు, మొదటిది సరిచేస్తే మిగతావి చాలావరకు వాటంతటవే పోతాయి.

ఆ మొదటి లైన్‌లో 'నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ' అంటే లైబ్రరీ లేదని. ఉదాహరణకు, గాలి తేమ చూసే డీహెచ్‌టీ సెన్సార్‌కు అడాఫ్రూట్ వాళ్ల లైబ్రరీ వాడితే, దాంతోపాటు యూనిఫైడ్ సెన్సార్ అనే ఇంకో లైబ్రరీ కూడా ఉండాలి. వైఫై బోర్డుకు రాసిన ప్రోగ్రామ్‌ను ఊనో అని ఎంచుకుని నొక్కినా ఈ మాటే వస్తుంది. 'నాట్ డిక్లేర్డ్' అంటే ఒక పేరు కంపైలర్‌కు తెలియదని. అన్ని సాఫ్ట్‌వేర్‌లూ తెలుగు పేర్లను సరిగ్గా మార్చలేవు, వేరియబుల్‌కు చిన్న ఇంగ్లీషు పేరు పెట్టుకోండి.

ఏమీ అర్థం కాకపోతే సగం పద్ధతి. ప్రోగ్రామ్‌ను వేరే పేరుతో కాపీ చేసి, కింది సగం బ్లాకులు తీసేసి నొక్కండి. ఎర్రర్ పోయిందంటే తప్పు తీసేసిన సగంలో ఉంది. దాన్నీ మళ్లీ సగం చేయండి. నాలుగైదుసార్లలో బ్లాక్ దొరుకుతుంది. పైపులో చెత్త ఎక్కడ అడ్డం పడిందో ఒక్కో వాల్వ్ కట్టేసి చూస్తాం కదా, అట్లాగే.

ఊనోలో 32 కేబీ ఫ్లాష్, 2 కేబీ ర్యామ్ మాత్రమే. 128 బై 64 చుక్కల చిన్న ఓలెడ్ తెర పెడితే దాని బొమ్మకే 1,024 బైట్లు, అంటే సగం ర్యామ్ పోతుంది. అడాఫ్రూట్ తెర లైబ్రరీ ఈ లెక్కను కంపైల్ అప్పుడు చూపించదు. ఎర్రర్ ఏమీ రాకపోయినా, ర్యామ్ చాలకపోతే తెర వెలగదు. చేలో తెర ఎవరు చూస్తారు, ఒక ఎల్‌ఈడీ చాలు.

కంపైల్ అయ్యింది కదా అని వెంటనే స్టార్టర్‌కు కలపొద్దు. వాక్యం సరిగ్గా ఉందో లేదో కంపైలర్ చూస్తుంది గానీ, మీరు 'తడి ఉంటే ఆన్' అని రాశారా, 'పొడి ఉంటే ఆన్' అని రాశారా అన్నది దానికి పట్టదు. చాలా రిలేలు సిగ్నల్ తగ్గితేనే ఆన్ అవుతాయి, మనం అనుకున్నదానికి తిరగబడి. ముందు రిలేకు చిన్న బల్బు పెట్టి, సెన్సార్‌ను ఒకసారి పొడి మట్టిలో, ఒకసారి తడి మట్టిలో గుచ్చి చూడండి. బోర్డు రీసెట్ బటన్ కూడా నొక్కి, ఆ క్షణంలో బల్బు వెలుగుతోందేమో గమనించండి. స్టార్టర్ కనెక్షన్ మాత్రం ఎలక్ట్రీషియన్‌తోనే ఇప్పించుకోండి. బల్బు పరీక్ష మొత్తం ఈ వీడియోలో ఉంది.